సన్నటి పన్ను

ఆ శనివారం మధ్యాహ్నం గుడి హాల్లో ఎవాల్డ్ తెచ్చిన గోడ గడియారాన్ని అందరూ నోరారా మెచ్చుకుంటూ ఉంటే, ఆర్నో నోస్కె ఒక్కడే భూతద్దం కంటికి బిగించుకుని దాని లోపలి చక్రాల్లో ఒకదాన్ని కన్నార్పకుండా చూస్తూ ఉండిపోయాడు. బయట జనవరి నెలాఖరు ఎండ ద్రాక్షతోటల మీద నిప్పులు చెరుగుతోంది. హాల్లో పంకాలు తిరుగుతూనే ఉన్నాయి. అయినా ఆర్నో మెడ మీద చెమట ధారగా కారింది.

ఆస్ట్రేలియాలో, జనవరి నడివేసవిగా ఉండే బరోసా లోయలో ఆ గడియారాల సంఘం చిన్నది. నెలకొక శనివారం లూథరన్ క్రైస్తవుల గుడి పక్కనున్న హాల్లో చేరతారు. ఎవరికీ అది బతుకుతెరువు కాదు. ఆర్నో వైన్ పీపాలు చేసి రిటైరైనవాడు. ఒట్టీలియా గారు గుడిలో ఆర్గాన్ వాయిస్తారు. మరొకాయన పళ్ల డాక్టరు. తాతల నాటి గడియారాలు ఆగిపోతే విప్పి, తుడిచి, మళ్లీ నడిపించడం వాళ్ల సరదా. అంత పాతవాటికి విడిభాగాలు ఏ దుకాణంలోనూ దొరకవు. అందుకని ఎవరి షెడ్డులో వాళ్లు చిన్న లేత్ మిషను పెట్టుకుని, ఇత్తడి రేకు కోసి, పళ్లు తీసి, చక్రాలు చేసుకుంటారు. కుదిరిన చక్రాన్ని సంఘానికి తెచ్చి చూపించి, కాఫీ తాగి, కేకు తిని, ఒకరినొకరు ఆటపట్టించుకుని ఇళ్లకు పోతారు.

ఎవాల్డ్ ఆర్నోకు బావమరిది, భార్య హుల్డాకు తమ్ముడు. బడి బస్సు నడుపుతాడు. ఈ పిచ్చి అతనికి ఆలస్యంగా పట్టింది.

"ఒరే ఎవాల్డ్, పోయినేడు నువ్వు తెచ్చిన చక్రం కోడి పొడిచిన రొట్టెలా ఉంది, గుర్తుందా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు బెర్తోల్డ్, పొట్ట మీద చేతులు పెట్టుకుని. "ఇది నువ్వే చేశావంటే మా ఆవిడ నమ్మదు."

"మీ ఆవిడ నువ్వు స్నానం చేశానన్నా నమ్మదు కదా!" అన్నాడు ఎవాల్డ్. అందరూ గొల్లుమన్నారు.

ఆర్నో నవ్వలేదు. భూతద్దం తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఈ అరవై పళ్ల చక్రం ఎవరు చేశారు?"

"నేనే బావా. బాగుందా?" ఎవాల్డ్ మొహం పండగలా ఉంది. "నీ అంత కాకపోయినా, కాస్త దగ్గరికొచ్చానా?"

"దగ్గరికి రావడం కాదు." ఆర్నో గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "ఇది నాదే."

చక్రానికి పళ్లు సమంగా రావాలంటే లేత్ వెనక చిల్లుల బిళ్ల ఒకటి ఉండాలి. ఒక్కో చిల్లులో మేకు దించుతూ ఒక్కో పన్ను కోస్తారు. చిల్లు ఎక్కడుంటే పన్ను అక్కడే పడుతుంది. ఆర్నో తన బిళ్లను పెళ్లికి ముందు, కుర్రతనంలో చేసుకున్నాడు. అందులో ఒక చిల్లు వెంట్రుకవాసి పక్కకు పోయింది. దాంతో అతను కోసిన ప్రతి అరవై పళ్ల చక్రంలోనూ ఒక పన్ను సన్నంగా, దాని పక్కది లావుగా వచ్చేది. గడియారం నడకకు అది అడ్డురాదు. ఉత్త కంటికి కనిపించదు కూడా. తన చెయ్యి వణికినందుకు వచ్చిన లోపమని అతను మొదట్లో సిగ్గుపడ్డాడు, తర్వాత అలవాటుపడ్డాడు. ఇన్నేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు, హుల్డాకు కూడా.

అలాంటి చక్రం ఒకటి క్రిస్మస్ ముందు అతని షెడ్డులోంచి మాయమైంది. బల్ల కింద ఊడ్చాడు, డబ్బాలన్నీ బోర్లించాడు, దొరకలేదు. అంతకు ఒకటి రెండు రోజుల ముందు ఎవాల్డ్ నూనె కావాలంటూ వచ్చి షెడ్డులో కాసేపు ఒంటరిగా ఉన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. ఇప్పుడు వచ్చింది.

అందరూ చూస్తుండగా ఆర్నో జేబులోంచి వెంట్రుక మందం కూడా కొలిచే మైక్రోమీటరు తీసి ఆ పన్నును కొలిచి చూపించాడు. పక్క పన్నును కొలిచి చూపించాడు. "ఇది నా చేతి తప్పు. నేను చేసిన ప్రతి చక్రంలోనూ ఇదే చోట ఇలాగే ఉంటుంది. దొంగ సంతకం ఎవరైనా పెట్టొచ్చు. ఒకరి చేతి తప్పును ఎవరైనా అచ్చుదించగలరా?"

హాల్లో కిక్కురుమనే శబ్దం లేదు. బెర్తోల్డ్ నేల చూపులు చూశాడు. ఒట్టీలియా గారు కాఫీ కప్పును నోటిదాకా తెచ్చి అక్కడే ఆపేశారు. అందరూ ఎవాల్డ్‌ను అసహ్యించుకుంటున్నారని ఆర్నో అనుకున్నాడు.

ఎవాల్డ్ భూతద్దం తీసుకుని తన చక్రాన్ని తనే చూశాడు. చాలాసేపు చూశాడు. తలెత్తేసరికి కత్తి వేసినా నెత్తురుచుక్క రానట్టుంది మొహం.

"నిజమే బావా. సన్నంగా ఉంది." పెదవులు తడుపుకున్నాడు. "ఎలా వచ్చిందో... నాకు తెలీదు."

"నాకు తెలుసు" అన్నాడు ఆర్నో.

ఎవాల్డ్ గడియారాన్ని టేబుల్ మీదే వదిలి, తలుపు కూడా వెయ్యకుండా వెళ్లిపోయాడు. అది టిక్కు టిక్కుమంటూ నడుస్తూనే ఉంది.

ఆ సంగతి ఆర్నో ఇంట్లో చెప్పలేదు. మర్నాడు ఆదివారం గుడిలో ఎవాల్డ్ కనిపించలేదు. అతని భార్య క్లారా ఒంటరిగా వచ్చి, ఎప్పుడూ కూర్చునే హుల్డా పక్కన కాకుండా వెనక బెంచీలో కూర్చుంది. ఆ రోజు ప్రభు భోజనం ఉంది; తోటివాడికి అన్యాయం చేసినవాడు అది సర్దుకోకుండా దాన్ని ముట్టకూడదంటారు. ఆర్నో నిబ్బరంగా లేచి వెళ్లి, మోకరించి, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుని వచ్చాడు. నిజం చెప్పినవాడికి భయమెందుకు అనుకున్నాడు.

భోజనాల దగ్గర హుల్డా వేయించిన మాంసం, బంగాళాదుంపలు వడ్డించి, దోసకాయ ఊరగాయ జాడీ జరిపి, అప్పుడు అడిగింది. "క్లారా నా మొహం చూడలేదు. ఏం జరిగింది ఆర్నో?"

ఇక తప్పదని చెప్పాడు. మాయమైన చక్రం, సన్నటి పన్ను, హాల్లో తను అన్నదీ ఎవాల్డ్ అన్నదీ అంతా చెప్పాడు. తమ్ముడి కోసం ఏడుస్తుందేమో, తనను తిడుతుందేమో అనుకున్నాడు. ఆమె రెండూ చెయ్యలేదు. లేచి వంటింట్లోకి వెళ్లింది. సొరుగు లాగిన చప్పుడు, చెంచాలు కదిలిన చప్పుడు వినిపించాయి. తిరిగొచ్చి అతని కంచం పక్కన ఒక వస్తువు పెట్టింది.

"ఇదేనా?"

ఆర్నో చేతిలో ఫోర్కు జారి కంచంలో పడింది. అది అతని చక్రమే. మధ్య చిల్లులో గట్టి తీగ గుచ్చి, తీగకు పాత గరిటె పిడి బిగించి ఉంది. పళ్ల సందుల్లో ఎండిన పిండి.

"క్రిస్మస్‌కి తేనె బిస్కెట్ల అంచులు నొక్కడానికి తీసుకున్నాను" అంది హుల్డా. "నా పాతది విరిగిపోయింది. నీ దగ్గరికొచ్చి అడిగాను, ఒకటి తీసుకోనా అని. ఊఁ అన్నావు."

"నేనా?"

"లేత్ దగ్గరుంటే నువ్వు దేనికైనా ఊఁ అంటావు. ఇల్లు అమ్మేస్తున్నా అన్నా ఊఁ అంటావు." ఆమె చక్రాన్ని అతని వైపు జరిపింది. "ఆ బిస్కెట్లు పళ్లాలకు పళ్లాలు నువ్వే తిన్నావు ఆర్నో. అంచులు చక్కగా వచ్చాయన్నావు కూడా."

అతను పుల్లతో పిండి గీకి, కొలిచాడు. సన్నటి పన్ను ఉంది. పక్కన లావుది ఉంది. తన చక్రం తన చేతిలో ఉంది. మరి హాల్లో ఉన్నది?

"రెండు ఎలా ఉంటాయి?" అన్నాడు తనలో తను. "అదే చోట, అదే తప్పు... రెండోది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

హుల్డా అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "నా తమ్ముడు దొంగ కాదని తేలింది. నువ్వింకా పన్ను గురించే ఆలోచిస్తున్నావా?"

ఆ మాటతో ఆర్నోకు పొద్దున్న పుచ్చుకున్న రొట్టె గుర్తొచ్చింది. అమాయకుణ్ణి దొంగను చేసిన మర్నాడే, అంత ధీమాగా, ఆ బల్ల ముందు మోకరించాడు. ప్రభువు తన చేతిని ఎందుకు వెనక్కి తీసుకోలేదో అతనికి అర్థం కాలేదు.

"నేను వంట చేస్తాను, ఇల్లు చూస్తాను" అంది హుల్డా కంచాలు తీస్తూ. "కానీ ఎవాల్డ్ ఈ బల్ల దగ్గర కూర్చునేదాకా నేను నీతో కూర్చుని తినను."

ఎండ తగ్గకముందే ఆర్నో ఎవాల్డ్ ఇంటికి వెళ్లాడు. క్లారా గుమ్మంలో ఎదురైంది.

"రా అన్నయ్యా, ఇంకేమైనా పోయిందా? ఎలాగూ వచ్చావు, మా చెంచాలు కూడా లెక్కపెట్టుకుని పో. మీవి కలిశాయేమో."

"తప్పయింది క్లారా. నా చక్రం మా ఇంట్లోనే దొరికింది."

ఆమె గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది. వెనక షెడ్డు వైపు చెయ్యి చూపించింది.

షెడ్డులో ఎవాల్డ్ లేత్ విప్పి, ముక్కలకు గోనెసంచులు చుట్టి పెట్టెలో సర్దుతున్నాడు. లేత్ కొనేవాణ్ణి అప్పుడే వెతుక్కున్నానన్నాడు. ఆర్నో చెప్పిందంతా చెయ్యి ఆపకుండా విన్నాడు. బిస్కెట్ల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

"చక్రం దొరికిందని వచ్చావు బావా. దొరక్కపోతే వచ్చేవాడివా?"

ఆర్నో వంగి, కిందపడిన గోనెసంచి తీసి అతనికి అందించాడు.

"నన్ను దొంగన్నందుకు కాదు నా బాధ." ఎవాల్డ్ పెట్టె అంచు మీద కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకే అనుమానం వచ్చింది. నా చేత్తో కోశాను, ఒక్కో పన్నూ గుర్తుంది. మరి నీ తప్పు నా చక్రంలోకి ఎలా వచ్చింది? నేనే తీసి, తీసిన సంగతి మర్చిపోయానా? నిన్నటినుంచి పిచ్చెక్కిపోతోంది. రేపు పొద్దున్న పిల్లల్ని బస్సులో ఎక్కించుకోవాలా వద్దా అని కూడా ఆలోచించాను."

ఆర్నో నిర్ఘాంతపోయాడు. తను ఒక మనిషి పరువు మాత్రమే తీశాననుకున్నాడు. అతని బుద్ధిమీద అతనికున్న నమ్మకాన్ని కూడా తీసేశాడు.

"నీ చిల్లుల బిళ్ల చూపించు" అన్నాడు మెల్లగా.

ఎవాల్డ్ గోనెసంచి విప్పి ఇచ్చాడు. ఆర్నో దాన్ని కిటికీ వెలుగులో పెట్టి, అరవై చిల్లుల వరసలో వేలు నడిపాడు. వేలు ఒకచోట ఆగింది. అక్కడ చిల్లు వెంట్రుకవాసి పక్కకు పోయి ఉంది, అచ్చం తన బిళ్లలో లాగే.

"దీన్ని దేని మీద పెట్టి చిల్లులు వేశావు?"

"దేనిమీదేమిటి? మాస్టారి చక్రం మీద. కొత్తగా నేర్చుకునే ప్రతివాడికీ సంఘం ఇస్తుందిగా, హాల్లో అద్దాలపెట్టెలోంచి తీసి. నువ్వు దేనిమీద వేసుకున్నావు?"

ఆర్నో అక్కడే ఉన్న డబ్బా మీద కూలబడ్డాడు. అతను తన బిళ్లకు చిల్లులు వేసుకున్నదీ దానిమీదే. అప్పుడు షిర్మెర్ మాస్టారు బతికే ఉన్నారు. సంఘం పెట్టింది ఆయనే. ఎవరి పని బాగాలేకపోయినా మాట్లాడకుండా చెత్తబుట్టలో పడేసేవారు. ఆ మహానుభావుడి చక్రంలో తప్పుంటుందన్న ఆలోచనే ఎవరికీ రాదు. తప్పు కనిపిస్తే తన చెయ్యే వణికిందనుకుంటారు. ఆర్నో జీవితమంతా అలాగే అనుకున్నాడు.

"అయితే... అది నా తప్పు కాదా?" అన్నాడు.

"అది నీది కాదు" అన్నాడు ఎవాల్డ్. "నిన్న హాల్లో చేసింది మాత్రం నీదే."

"ఏం చెయ్యమంటావు? చెప్పు."

"అందరిముందూ అన్నావు. అందరిముందే చెప్పు. నా షెడ్డులో నువ్వు ఎన్ని దండాలు పెట్టినా, ఆ హాల్లో నేను దొంగగానే ఉంటాను."

ఆర్నో ఇంటికి రాగానే బెర్తోల్డ్‌కు ఫోన్ చేశాడు. సంఘాన్ని వెంటనే పిలవమన్నాడు.

"వచ్చే నెలదాకా ఆగలేవా?" బెర్తోల్డ్ గొంతులో ఏదో ఇబ్బంది. "జనం కాస్త మర్చిపోతారు కదా."

"మర్చిపోకముందే చెప్పాలి" అన్నాడు ఆర్నో.

బుధవారం సాయంత్రం అందరూ వచ్చారు. కాఫీ పెట్టలేదు, కేకు లేదు. ఎవాల్డ్ గడియారం ఆ టేబుల్ మీదే ఉంది, కీ అయిపోయి ఆగిపోయింది. ఎవాల్డ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. హుల్డా భర్తతో వచ్చి, తమ్ముడి పక్కకు వెళ్లి నిలబడింది.

ఆర్నో లేచి పిడి బిగించిన తన చక్రాన్ని అందరికీ చూపించాడు. బిస్కెట్ల సంగతి చెబితే నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. "ఎవాల్డ్ నా చక్రం తీయలేదు. వినకుండా, అడగకుండా దొంగన్నాను. మీ అందరి ముందూ అతన్ని క్షమాపణ అడుగుతున్నాను. అతని చక్రం అతను చేసినదే. నా దానికన్నా బాగా చేశాడు. ఇక ఆ పన్ను సంగతి..." మాస్టారి చక్రం గురించి చెప్పాడు. చెబుతుంటే గొంతు తగ్గిపోయింది, గుడిలో అనకూడని మాట అంటున్నట్టు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అదే అతనికి వింతగా తోచింది. బెర్తోల్డ్ మెడ మీద చెయ్యి రాసుకుంటున్నాడు. పళ్ల డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

చివరికి ఒట్టీలియా గారు సన్నగా అన్నారు. "నాకూ ఉంది."

"ఏమిటి?"

"ఆ పన్ను. నా చక్రాలన్నిట్లోనూ ఉంది. నా చూపు మందగించి అలా వచ్చిందనుకున్నాను. చక్రం చూపించేటప్పుడు ఎవరికీ కనిపించకుండా దాన్ని కిందివైపుకు తిప్పి పట్టుకుంటాను."

"నాకూ ఉంది" అన్నాడు పళ్ల డాక్టరు, వెనక్కి తిరక్కుండానే. "రోజంతా జనం పళ్లు సరిచేసేవాణ్ణి, ఒక ఇత్తడి పన్ను సరిగా కొయ్యలేకపోయానని ఎలా చెప్పుకోను?"

బెర్తోల్డ్ మెల్లగా వెళ్లి అద్దాలపెట్టె తాళం తీశాడు. మాస్టారి చక్రాన్ని రెండు చేతుల్తో తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఆర్నో కొలిచాడు. మైక్రోమీటరు మీద అంకె చూసి మళ్లీ కొలిచాడు. సన్నటి పన్ను అక్కడే ఉంది.

ఒట్టీలియా గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నా మొదటి చక్రాన్ని ఆయన బుట్టలో పడేశారు" అన్నారు. "ఆయనకు దీని సంగతి తెలుసంటారా?"

దానికి జవాబు చెప్పగలిగినవాడు గుడి వెనక మట్టిలో ఉన్నాడు.

అప్పుడు తలుపు దగ్గర్నుంచి ఎవాల్డ్ గొంతు వినిపించింది. "ఒక్క నిమిషం. శనివారం బావ ఆ పన్ను కొలిచి చూపించాడు. ఇక్కడే, మీ అందరికీ." ఒక్కొక్క అడుగే వేస్తూ టేబుల్ దాకా వచ్చాడు. "అప్పుడే మీకు తెలిసిందా?"

ఆ మాటకు ఆర్నోకు శనివారం నాటి ఆ నిశ్శబ్దం గుర్తొచ్చింది. అది ఎవాల్డ్‌ను అసహ్యించుకున్న నిశ్శబ్దం కాదు.

"ఇంటికెళ్లి చూసుకున్నాను" అన్నాడు బెర్తోల్డ్. ఎప్పుడూ బాకాలా మోగే గొంతు, ఇప్పుడు పీలగా ఉంది. "నాకూ ఉందని చెబుదామనుకున్నాను ఎవాల్డ్. ఒట్టు. కానీ నేను అధ్యక్షుణ్ణి. నోరు పెగల్లేదు."

"నేను ఇక్కడున్నప్పుడే గుర్తుపట్టాను" అన్నారు ఒట్టీలియా గారు, మొహం చేతుల్లో దాచుకుని.

ఎవాల్డ్ వాళ్లందరినీ ఒక్కొక్కరినే చూశాడు. కోప్పడతాడేమోనని ఆర్నో ఎదురుచూశాడు. ఎవాల్డ్ తన గడియారాన్ని జాగ్రత్తగా దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"బావకు తెలీక అన్నాడు" అన్నాడు. "మీరు తెలిసి ఊరుకున్నారు."

ఎవాల్డ్ తలుపు దాకా వెళ్లి అక్క చెయ్యి పట్టుకున్నాడు. "పద అక్కా. క్లారా వండి ఉంచింది. మా ఇంట్లో తిందువుగాని" అన్నాడు, తర్వాత వెనక్కి తిరక్కుండానే పిలిచాడు. "బావా, నువ్వు నీ కారులో వెనకాల రా."

ఆర్నో బయటికి వచ్చి కారెక్కాడు. తాళంచెవి పెట్టాడు గానీ తిప్పలేదు. ఒక పన్ను గురించి అన్నేళ్లు సిగ్గుపడ్డాడు. అంతమందీ ఎవరి షెడ్డులో వాళ్లు అదే పన్ను గురించి సిగ్గుపడుతూ, ఆదివారమాదివారం ఒకే బెంచీలో పక్కపక్కనే కూర్చున్నారు. ఒక్కడైనా ముందుగా నోరు విప్పి ఉంటే! ఆ ఒక్కడు తనే ఎందుకు కాలేదు? ప్రభువును అడుగుదామనుకున్నాడు గానీ, ఎలా అడగాలో మాటలు దొరకలేదు.

తలెత్తి చూస్తే ఎవాల్డ్ కారు హాలు గేటు దగ్గర, మలుపు లైటు వెలిగి ఆరుతూ, ఆగి ఉంది. వెనక అద్దంలోంచి హుల్డా ఇటే చూస్తోంది. ఆర్నో తాళంచెవి తిప్పాడు. ఇంజను అందుకుంది. అతని బండి కదిలాకే ఆ కారు కదిలింది.